జూన్ ఒకటో తారీఖు మనుషులు

పొద్దున ఫోన్‌లో ఒక ఫోటో వచ్చింది. కేకు ముందు ఒకామె కూర్చుని ఉంది. నుదుట పెద్ద బొట్టు, చేతిలో ప్లాస్టిక్ కత్తి, పక్కన నవ్వుతున్న కూతుళ్ళు. కింద ఆమె గొంతుతో నాలుగు మాటలు: "సారు, మీరు రాసిన దినమే. నేను మర్వలే." అప్పుడు చూశాను క్యాలెండర్ వంక. సెప్టెంబర్ ఇరవై రెండు.

రెండువేల పదకొండులో నేను అలియాబాద్ దగ్గర ఒక విత్తనాల కంపెనీలో కంప్యూటర్ గదికి పెద్దని. పెద్దని అంటే, ఆ గదిలో ఉన్నది నేనొక్కడినే. విత్తనాలు ఏరే ఆడవాళ్ళ వివరాలన్నీ కాగితాల నుంచి డేటాబేస్‌లోకి ఎక్కించే పని నాకు అప్పజెప్పారు. శనివారం లోపు అందులో ఉన్నవాళ్ళే పర్మనెంటు, లేనివాళ్ళు రోజుకూలీలుగానే ఉండిపోతారని మేనేజరు తేల్చేశాడు. అందరూ ఎక్కారు, ఒక్కామె తప్ప. ఆమె వివరాలు కొట్టి ఎంటర్ నొక్కడమే ఆలస్యం, ఎర్ర అక్షరాలు వచ్చేవి: ఈ రికార్డు ఇప్పటికే ఉంది.

ఆ ఉన్నది ఆమె తోడికోడలు. పేరు చెప్పను గానీ, ఆ రోజుల్లో ఊళ్ళో పిలిస్తే పదిమంది పలికే పేరు. ఇద్దరిదీ అదే పేరు, ఒకే ఇంటిపేరు, ఒకే ఊరు. అలా పేర్లు కలిసినవాళ్ళు ఇంకో జత ఉన్నారు, కానీ బడికి వెళ్ళి సర్టిఫికెట్లు తెచ్చిన వాళ్ళిద్దరూ చక్కగా ఎక్కారు. ఈమెకే ఎందుకీ తిప్పలని నాకు ఒళ్ళు మండేది. మూడు రోజులు కుస్తీ పట్టాను. కంప్యూటర్ ఆపి మళ్ళీ పెట్టాను, ప్రోగ్రాం తీసేసి మళ్ళీ ఎక్కించాను, అది రాసినాయన్ని ఫోన్‌లో నానా మాటలూ అన్నాను. చివరికి కోపం ఆమె మీదికే తిరిగింది. కిటికీ దగ్గర నిలబడ్డ మనిషితో "నువ్వు ఇప్పటికే ఉన్నవమ్మా, రెండోసారి ఎట్ల ఎక్కిస్త" అన్నాను. ఆమె కొంగుకు అంటిన పొట్టు దులుపుకుంటూ, "గా ఉన్నది మా అక్క సారు. నేను గీడ నిలవడ్డ గద" అంది. ఆ మాట అప్పుడు విసుగే తెప్పించింది. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

శుక్రవారం ప్రోగ్రాం రాసినాయన, ఇద్దరి వివరాలూ ఫోన్‌లో పైకి చదవమన్నాడు. పుట్టిన తేదీ దగ్గరికి వచ్చేసరికి నా గొంతు నాకే వినిపించింది. జూన్ ఒకటి. మళ్ళీ జూన్ ఒకటి. సంవత్సరమూ అదే. పుట్టినరోజు తెలియదన్న ప్రతి మనిషికీ మొహం చూసి ఒక సంవత్సరం అనుకుని, జూన్ ఒకటి కొట్టుకుంటూ పోయింది నేనే. మా బడిలో హెడ్మాస్టరు మాకందరికీ వేసిన తేదీ అది, నా చేతికి అదే అలవాటైంది. పేరూ, ఇంటిపేరూ, ఊరూ, పుట్టిన తేదీ నాలుగూ కలిస్తే ఒకే మనిషని కంప్యూటర్‌కు నేర్పారు. పాపం, దాని పని అది సరిగ్గానే చేసింది.

ఆమెను పిలిపించి కుర్చీ వేశాను. అసలు ఎప్పుడు పుట్టావని అడిగాను.

"మా అవ్వ చెప్పేది సారు, శామీర్‌పేట చెరువు అలుగు దుంకిన తెల్లారి పుట్టిన్నంట."

చెరువు నిండి పొర్లేది వానల చివర కదా, సెప్టెంబర్ అనుకుందామన్నాను. మరి తారీఖు?

"అది మీరే రాయుండ్రి. గని మా అక్కకంటె చిన్నదాన్ని సారు, జర చూసి రాయుండ్రి."

పెద్దామెది జూన్, ఈమెది సెప్టెంబర్. వరస చెడలేదు. ఇరవై రెండు అని కొట్టాను, ఎందుకో చెప్పలేను. ఈసారి ఎక్కింది. ఆమె తెర మీదికి వంగి, "ఏది, నేనేడున్న?" అంది. వేలితో చూపించాను. చదువు రాకపోయినా ఆ వరుసను చాలాసేపు చూసింది.

తోచిన అంకె ఒకటి వేశాను, అది ఆమె ఇంట్లో పండుగైంది. నా కాగితాల్లో మాత్రం ఇంకా జూన్ ఒకటే. నేను పుట్టిననాడు ఏ చెరువు నిండిందో మా అమ్మకు తెలిసే ఉంటుంది. ఆమె ఉన్నన్నాళ్ళూ అడగాలని తోచలేదు, తోచేసరికి చెప్పేవాళ్ళెవరూ మిగల్లేదు.