ఎడమచేతికి తెలియని నలభై మూడు కానుకలు

ఈ కథలో ఒక ఆటో ఆగిపోతుంది, ఒక సంఘం మొత్తం ఇచ్చిన కానుకను ఇవ్వలేదంటుంది, ఎక్కడో ఆఫీసులో కూర్చున్న ఒక ఆడపిల్ల తలపట్టుకుంటుంది. అన్నిటికీ కారణం నేనే. ముందే ఒప్పేసుకుంటున్నాను. మధ్యలో మీరు ఇంకెవరినో అనుమానించి పాపం మూటగట్టుకోకండి.

నాలుగేళ్ల కిందటి మాట. అప్పుడు నేను వికారాబాదులో మా చర్చి సంఘానికి కార్యదర్శిని. కార్యదర్శి అంటే పెద్ద హోదా అనుకునేరు. గుడిలో ఫ్యాను తిరగకపోతే తిట్లు తినే మనిషి. మా సంఘం చేసే చిన్న సేవ ఒకటుంది. ధారూర్, బంట్వారం పల్లెల్లో కిడ్నీలు చెడిపోయినవాళ్లను వారానికి రెండుసార్లు తాండూరు ఆసుపత్రికి డయాలసిస్‌కు తీసుకుపోయి, మళ్లీ ఇంటి దగ్గర దింపడం. ఆటో సంఘానిది, నడిపేది ఖాజా భాయ్. ఆ ఆటో దగ్గు విని లోపల కూర్చున్న రోగులే దానిమీద జాలిపడేవారు.

ఒకరోజు అది తాండూరు దారిలో ఆగిపోయింది. లోపల ఉన్నది యాదమ్మ. బంట్వారం దగ్గర పల్లె, వెనకా ముందూ ఎవరూ లేరు. సూదులు గుచ్చే ఎడమచేతిని పసిపిల్లలా ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. బస్సు దొరికి ఆసుపత్రికి చేరేసరికి ఆమె వంతు దాటిపోయింది. మరునాడు రమ్మన్నారు. ఆ ఒక్క రోజుకే ముఖం, కాళ్లు ఉబ్బిపోయాయి.

"సార్, ఇంజిన్ పని ఖతం. ఇంకో బండి జూడుండ్రి. లేకుంటె ఈ యాదమ్మ గతేంది?" అన్నాడు ఖాజా భాయ్.

పాత ఆటో ఒకటి కొనాలన్నా సంఘం దగ్గర అంత లేదు. హైదరాబాదు, పుణె వెళ్లి స్థిరపడిన మనవాళ్లు ఇస్తారు గదా, ఆన్‌లైన్లో విరాళాల పేజీ పెడదాం అన్నాను. అదిగో, అక్కడ మొదలైంది.

వారం రోజులు ఫోనుకు అతుక్కుపోయాను. ఒక కంపెనీ వచ్చిన ప్రతి విరాళంలో వాటా తీసుకుంటుంది. ఒకటి ఏడాదికింత కట్టమంటుంది. మూడోది "మాకు మీరేమీ ఇవ్వక్కర్లేదు" అంది. ఆ మాట చదివి నా కళ్లు చెమర్చాయి.

"సోరకాయ కొనేకాడ గూడ గింత బేరం జెయ్యవు. ఊకె ఎవడిస్తడు, జర సోచాయించు," అంది నా భార్య సుగుణ.

"నీకు విశ్వాసం తక్కువ," అన్నాను.

విశ్వాసంతోనే పేజీ తెరిచాను. "దాతల పేర్లు చూపించాలా?" అని అడిగింది. పాఠకులారా, బుద్ధి ఉన్నవాడెవడైనా అవును అని నొక్కేవాడు. నేను ఆదివారపు బడి నుంచి వాక్యం మీద పెరిగిన మనిషిని. కుడిచెయ్యి ఇచ్చేది ఎడమచేతికి తెలియకూడదని ప్రభువు చెప్పాక ఇంకా అడగడమేమిటి? వద్దు అని నొక్కాను. పేరు వద్దు, ఫోను నంబరు వద్దు, రసీదు వద్దు. వద్దనడానికి ఏముంటే అన్నీ వద్దన్నాను. ఆ ఆదివారం అదే అంశం మీద ముప్పావుగంట మాట్లాడాను కూడా. "ఇచ్చారా అని ఎవరైనా అడిగినా చెప్పకండి. చెప్పారా, మీ ఫలం ఇక్కడే అయిపోయినట్టు!" అని బల్ల గుద్దాను. ముందు వరుసలో రత్నమ్మ ఉలిక్కిపడి లేచింది.

ఆరాధన అయ్యాక పేజీ చూస్తే సున్నా. మా గుడిలో ఒక అలవాటుంది. కానుకల సంచి ఖాళీగా తిరగకూడదని కార్యదర్శి ముందుగా ఒక నోటు వేస్తాడు. ఖాళీ పేజీ చూసి పుణెలో వాడెవడు ఇస్తాడు? అందుకని, ఇచ్చేవాళ్లు నా చేతికి ఇస్తే నేను ఫోనులో వేస్తానని చెప్పాను.

వరుస కట్టారు. మొత్తం కలిపి ఒకేసారి పంపిస్తే అయిపోయేది. ఆ మాటే అన్నాను.

"గట్లెట్ల కలుపుతవ్ అన్నా!" అంది రత్నమ్మ. "నాది బర్రె ఈనిందని కృతజ్ఞత కానుక. గాయినది కాలు ఇరిగింది బాగయిందని. రెండు ఒక్కటెట్లయితయ్?"

నిజమే. మా దగ్గర ఒక్కో కానుకకు ఒక్కో ప్రార్థన. బెంచీ మీద కూర్చుని, ఎడమచేత ఫోను పట్టుకుని, కుడి చూపుడువేలుతో నొక్కడం మొదలుపెట్టాను. నొక్కిన ప్రతిసారీ ఆ ఉచితం కంపెనీ "మాక్కూడా కొంచెం ఇవ్వండి" అని గీత ఒకటి చూపించేది. దాన్ని సున్నాకు లాగాలి. లాగితే "నిజంగానే ఏమీ ఇవ్వరా?" అని అడిగేది. నిజంగానే ఇవ్వను అని చెప్పాలి. ఆపైన ప్రార్థన. అలా నలభై మూడుసార్లు. బర్రె, కాలు, ఇంటర్ పరీక్ష, బోరుబావి. చివరి కానుక ఆ రోజు మా గుడికి ఖాజా భాయ్‌తో వచ్చిన యాదమ్మది, మడతలు పడిన నోటు. అప్పటికి నా వేలు తిమ్మిరెక్కింది, ఆమెన్ అనే ఓపిక కూడా లేదు.

పేజీ కళకళలాడింది. హైదరాబాదు, పుణె నుంచి కూడా వచ్చాయి. ఆటోకు సరిపోయేంత. నేను గర్వంగా ఖాజా భాయ్‌కి చూపిద్దామని తెరిస్తే ఎర్రటి అక్షరాలు: ఈ నిధి పరిశీలన కోసం నిలిపివేయబడినది.

కంపెనీ నుంచి ఒక అమ్మాయి ఫోను చేసింది.

"సర్, మీ పేజీకి మీరే నలభై మూడుసార్లు ఇచ్చారు. ఎందుకు?"

"నేను కాదమ్మా, సంఘస్థులు."

"వాళ్ల పేర్లు?"

"పేర్లు దేవునికే తెలుసు."

"సర్, మాక్కూడా తెలియాలి. పేరు, ఆధార్ జిరాక్సు, సంతకం. నలభై ముగ్గురివీ."

ఇల్లిల్లూ తిరిగాను. మొదట రత్నమ్మ ఇల్లు.

"ఆ రోజు కానుక ఇచ్చావు గదమ్మా, ఆధార్..."

"నేనా? నేనెక్కడ ఇచ్చిన?" అని కన్ను కొట్టింది. "నువ్వే జెప్తివి గద అన్నా, అడిగినా చెప్పొద్దని. నన్ను పరీచ్చ జేస్తున్నవా?"

అందరిదీ అదే జవాబు. జీవితంలో ఒక్కసారి, ఒక్కసారే, నా ప్రసంగం జనం గుండెల్లో నాటుకుంది. అది ఈ ప్రసంగమే కావాలా ప్రభువా అని దారి పొడవునా ఏడ్చుకున్నాను.

ఇక మరుసటి ఆదివారం సిగ్గు విడిచి లేచాను. "కానుక ఇచ్చినవాళ్ల పేర్లు వచ్చే వారం ప్రసంగం చేసే పుల్పిట్ మీద నుంచి చదువుతాం," అన్నాను. ఆ సాయంత్రానికే జిరాక్సులతో మా ఇంటి ముందు జనం. లెక్కపెడితే అరవై ఒక్క మంది.

"నలభై మూడు కానుకలకు అరవై ఒక్క మంది దాతలా సర్?" అంది ఫోనులో అమ్మాయి. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు.

ఆ ఫోను వచ్చినప్పుడు, ఎలాగో బాగుచేయించి నడుపుతున్న పాత ఆటో మళ్లీ దారిలో ఆగిపోతే, నేను అందులోనే ఉన్నాను. ఖాజా భాయ్ కింద కూర్చుని ఇంజిన్‌ను బతిమాలుతున్నాడు. పక్కన యాదమ్మ. ఆ రోజూ ఆమె వంతు దాటిపోయేలా ఉంది.

"ఆ ఫోను ఇటియ్యి సారూ," అంది. తీసుకుని, "బిడ్డా, నేను యాదమ్మను. గీ సారుకు లెక్క తెల్వది గని, దొంగ గాదు. గాయన తోని గంత పెద్ద పని గాదు. బండి లేక నేను ఎండల ఆగిన. నా పానం బండి మీదనే ఉంది. ఇడిసిపెట్టు బిడ్డా," అంది.

"అమ్మా, మా పై అధికారితో మాట్లాడతాను," అంది ఆ అమ్మాయి. రెండు రోజులకు సొమ్ము విడుదలైంది. దొంగతనం చేసేంత తెలివి నాకు లేదని యాదమ్మ ఇచ్చిన సాక్ష్యం ముందు మేము పంపిన జిరాక్సులేవీ పనికిరాలేదు.

ఆటో వచ్చింది. సంఘం ఊరుకుంటుందా? గుడి ఫ్యాను రెక్కల మీద కూడా దాతల పేర్లు రాయించుకునే మనుషులు. అరవై ఒక్క పేర్లూ బండి మీదికెక్కాయి. దూరం నుంచి చూస్తే ఓటర్ల జాబితా తాండూరు పోతున్నట్టుంటుంది.

మొదటి రోజు నేనూ యాదమ్మతో ఎక్కాను. పేర్లన్నీ వెతికాను. ఆమెది లేదు.

"నీ పేరు ఇవ్వలేదేం యాదమ్మా? నువ్వూ ఇచ్చావు గదా."

"నేనేమిచ్చిన సారూ?" అంది, ముఖం అటు తిప్పుకుని.

ఇంతమందిలో నా ప్రసంగాన్ని చివరిదాకా పాటించింది మా సంఘంలో లేని ఈ మనిషి ఒక్కతే. "కుడిచేత్తో ఇచ్చింది ఎడమచేతికి తెలియనివ్వలేదు నువ్వు. నేనూ ఆ రోజు కానుకలన్నీ అలాగే వేశాననుకున్నాను," అన్నాను.

యాదమ్మ ఒళ్లోని తన ఎడమచేతిని సర్దుకుని, నా వైపు చూసింది.

"సారూ, ఆ దినం ఫోను ఏ చేతిల వట్టుకున్నవ్?"

ఖాజా భాయ్ బండి పక్కకు ఆపి మరీ నవ్వాడు.

అందుచేత, సర్వశక్తిమంతుని సన్నిధిని, అరవై ఒక్క మంది దాతల ఎదుట ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట రహస్య దానం చేయాల్సి వస్తే ఫోనును బల్ల మీద పెట్టి చేస్తాను.