ఘాటు తగలని మామ

మా వీధిలో ఎవరింట్లో పడుకున్నా పరుపు మాత్రం ఒకే చేతిది. దూది ఏకిందీ, గుడ్డ కుట్టిందీ, నింపి కర్రతో కొట్టి సమం చేసిందీ మా పక్కింటి మామే. ఆ పరుపుల మీద నిద్ర ఇట్టే పడుతుంది. పట్టాక వచ్చే కలలే కొంచెం తేడా. మాది ప్రత్తిపాడు అవతల నల్లరేగడి ఊరు. ఎటు చూసినా మిరప, కాదంటే పత్తి. వాగులో మోకాలిలోతు నీళ్ళొస్తే చూడ్డానికి పిల్లల్ని ఎత్తుకుని వెళ్తాం. అలాంటి ఊళ్ళో పుట్టిన నాకు ఆ పరుపు మీద ఒళ్ళు వాలిస్తే చాలు, అంతు లేని నీళ్ళు కనిపిస్తాయి. నీళ్ళలో మనిషి కంటే ఎత్తు రెల్లు. రెల్లు నడుమ ఒక మట్టికట్ట, దాని మీద చప్పుడు చేయకుండా పోయే లారీలు. పొద్దున్నే లేచి చెబితే మా ఆవిడ, "మజ్జిగన్నం తినకుండా పడుకున్నావు, అందుకే" అంటుంది. నమ్మకపోతే పోనివ్వండి. నేను చెప్పినవన్నీ నమ్మమని ఇంతవరకూ ఎవర్నీ బతిమాలలేదు.

మామంటే మేనమామ కాదు. వాళ్ళు సాయిబులు, తాతల నాటి నుంచీ దూదేకే ఇల్లు. మేం మిరప రైతులం. రెండిళ్ళకీ ఒకటే గోడ. ఆ గోడ మీంచి కూర గిన్నెలు, తిట్లు, వరసలు అన్నీ అటూ ఇటూ దాటాయి.

తన పెళ్ళి కాకముందు, నాకింకా లాగూ జారిపోయే వయసులో, మామ ఇరాక్ వెళ్ళాడు. రోడ్లు వేసే పని. అప్పటికే ఆ దేశానికీ పక్కనున్న ఇరాన్‌కీ యుద్ధం నడుస్తోంది. వాళ్ళ మధ్యా ఒకటే గోడ, మా రెండిళ్ళకి మల్లే. వాళ్ళు దాటించుకున్నవి మాత్రం వేరు. ఇదిగో అయిపోతుంది, అదిగో అయిపోతుంది అంటూ ఆ యుద్ధం ఏళ్ళకేళ్ళు సాగింది. అది ఆగకముందే మామ ఒక సూట్‌కేసు, రెండు దుప్పట్లు, జీరబోయిన గొంతు తీసుకుని వచ్చేశాడు. గొంతు ఇప్పటికీ అంతే. పక్కన కూర్చుని మాట్లాడినా వాగు అవతలి గట్టు నుంచి మాట్లాడినట్టుంటుంది.

వచ్చిన సాయంత్రమే వాళ్ళమ్మ గడప ముందు నిలబెట్టి దిష్టి తీసింది. మా ఇంటి నుంచి గోడ మీదుగా అందుకున్న గుప్పెడు ఎండు మిరపకాయలు, కల్లుప్పు కొడుకు చుట్టూ తిప్పి కుంపట్లో వేసింది. దిష్టి ఉంటే ఆ కాయలు ఎంత మాడినా ఘాటు రాదు, లేకపోతే ఇంటిల్లిపాదికీ దగ్గులే. ఆ రోజు వీధి వీధంతా దగ్గింది. ఎదురింటి కోళ్ళు కూడా దగ్గాయి. మామ ఒక్కడే కుంపటి మీదకి వంగి, చలి కాచుకునేవాడిలా నిలబడ్డాడు.

"ఘాటొస్తోందా నాయనా?" అంది ఆవిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని.

"లేదమ్మా."

ఇంకో గుప్పెడు వేసింది. "ఇప్పుడో?"

"ఏమీ రావట్లేదు."

తర్వాతి ఆదివారం మళ్ళీ. ఆ పై ఆదివారం మళ్ళీ. ఆవిడ పోయేదాకా ప్రయత్నిస్తూనే ఉంది. నాకు ఊహ తెలిశాక ఈ సంగతిని వినుకొండ సంత దాకా మోసుకుపోయాను. ఇరాక్‌లో మామకి ఖర్జూరంలో గింజ తీసేసి మిరపగింజలు కూరి పెట్టేవాళ్ళని చెప్పాను. కారం మిల్లులో మామ ఓ కునుకు తీస్తే ఆ గురకకి మిల్లే తుమ్మిందని చెప్పాను. జనం పొట్ట పట్టుకుని నవ్వారు.

మామ లెక్క వేరు. అందరికీ వస్తున్న ఘాటు తనకొక్కడికే రావట్లేదంటే, దిష్టి తన మీదే ఉంది, దిగలేదు. ఆ దేశంలో ఎవరి చూపో తగిలింది. అది కళ్ళలో కూర్చుంది. ఇక తను దేన్ని చూస్తే దానికి అంటుకుంటుంది.

అప్పటి నుంచి తల దించుకునే నడిచాడు. పూత మీదున్న పత్తిచేను వైపు చూడడు. పందిట్లో పెళ్ళికూతుర్ని చూడడు. ఈనిన గేదెని చూడడు. ఊరందర్నీ పాదాలతో గుర్తుపడతాడు. "కొత్త చెప్పులా? ఎడమది కరుస్తున్నట్టుందే" అని పలకరిస్తాడు. "మీ నాన్న మడమలేరా నీవి, కొబ్బరినూనె రాయి" అంటాడు. అత్త నలుగురిలో అనేది: "ఇన్నేళ్ళు కాపురం చేశాడు. నా మొహం ఎలా ఉంటుందో అడగండి, చెప్పలేడు. కాలివేళ్ళు అడగండి, బొమ్మ గీసిస్తాడు." అందరూ నవ్వేవాళ్ళు. అత్త కూడా నవ్వేది, అందరికంటే ముందు ఆపేసేది.

ఒక్కగానొక్క కూతుర్ని కూడా వెనక నుంచే పెంచాడు. దాని జడలు తెలుసు, నీడ తెలుసు. అది పెద్దదై, చదువుకుని, ఓసారి తండ్రిని బలవంతాన గుంటూరు తీసుకెళ్ళింది. డాక్టరు ముక్కులోకి దీపం వేసి చూసి, లోపల నరాలు ఎప్పుడో కాలిపోయాయని, యుద్ధంలో వాడే విషవాయువు ఏదో పీల్చి ఉంటాడని, దిష్టీ గిష్టీ ఏమీ లేదని చెప్పాడట. మామ అన్నిటికీ మర్యాదగా తలూపాడు. తిరుగు బస్సులో కూతురితో అన్నాడు: "డాక్టరు గారు ముక్కు చూశారమ్మా. నాది కళ్ళలో."

నిరుడు ఆ పిల్ల పురిటికి వచ్చింది. ఆడబిడ్డ పుట్టింది. బిడ్డ గడప దాటి లోపలికి రాగానే మామ చాప చుట్టుకుని పెరట్లో దూదేకే షెడ్డులోకి మారిపోయాడు. బిడ్డ ఏడిస్తే మిషను ఆపేస్తాడు. ఊరుకుంటే మళ్ళీ వేస్తాడు. షెడ్డు తలుపు సందులోంచి దూది పింజలు ఒక్కొక్కటే బయటికొచ్చి, గాలికి ఎటు పోవాలో తోచక, పెరడంతా తిరుగుతుండేవి. ఓ పొద్దున చూస్తే గడప మీద మూరెడు పరుపు, గుప్పెడంత దిండు పెట్టి ఉన్నాయి. పెట్టినవాడు లేడు.

నెలలు గడిచాయి. బిడ్డ చూపు నిలపడం నేర్చుకుంది. రేపు వినుకొండ నుంచి అల్లుడు వచ్చి తీసుకెళ్తాడనగా, అత్త గోడ మీంచి పిలిచింది.

"ఒరేయ్, అది ఏమంటుందో విన్నావా? నా బిడ్డ మొహం చూడని ఇంటికి మళ్ళీ ఎందుకు రావాలి, రాను అంటుంది. అది మీ మామ కూతురురా, అన్నదంటే అన్నట్టే."

"నన్నేం చేయమంటావత్తా?"

"ఊరందరికీ కథలు చెప్తావుగా. మీ మామకొకటి చెప్పు. వచ్చి బిడ్డని ఒక్కసారి చూసేలా."

షెడ్డులోకి వెళ్ళాను. మామ దూది గుట్ట పక్కన కూర్చుని ఉన్నాడు. అమరావతిలో కృష్ణ ఒడ్డున ఒక పెద్దాయన కనిపించాడని, సముద్రం దాటిన దిష్టి మనవరాలు పుట్టగానే దానంతటదే రద్దయిపోతుందని ఆయన చెప్పాడని మొదలుపెట్టాను. ఆ పెద్దాయన గడ్డం పొడవు, పడవలో నిలబడిన తీరు, వెంట వచ్చిన తెల్లకొంగ, అన్నీ పెట్టాను. మామ నా కాళ్ళ వైపు చూస్తూ ఓపిగ్గా విన్నాడు.

"బాగుందిరా. కానీ నువ్వు అబద్ధం చెప్పేటప్పుడు నీ బొటనవేలు పైకి లేస్తుంది."

చూసుకున్నాను. నిజంగానే లేచి ఉంది.

ఇక మాటలతో అయ్యేది కాదు. సాయంత్రం ఆ పిల్ల ప్రయాణానికి ముందు బిడ్డకి దిష్టి తీస్తుందని తెలిసి, మా కల్లంలోంచి బాగా నిగ్గు తేలిన కాయలు ఓ దోసెడు పట్టుకెళ్ళాను. వాళ్ళు బిడ్డకి తిప్పేసి లోపలికి తీసుకెళ్ళిపోయాక, ఆ కుంపటి షెడ్డు ముందుకు లాగి, మిగిలిన కాయలన్నీ నిప్పుల మీద పోశాను. పంచె కాళ్ళ మీదకి లాక్కుని, వేళ్ళు కనపడకుండా పీట మీద కూర్చున్నాను.

"ఏంట్రా?" అన్నాడు మామ లోపల్నుంచి.

"నాకూ రావట్లేదు మామా."

"ఏం రావట్లేదు?"

"ఘాటు. ఇంత మాడుతున్నాయి, నాకేం తెలియట్లేదు. నాక్కూడా దిష్టేనంటావా? మరి నేను మా పిల్లల్ని చూస్తూనే ఉన్నానే, బానే ఉన్నారే."

జీవితంలో చాలా చెప్పాను కానీ ఒంటితో చెప్పడం అదే మొదలు. మొదటి వాక్యం బానే వచ్చింది. రెండోదానికి గొంతులో ఎవరో ముళ్ళకంప పెట్టి లాగినట్టయింది. కళ్ళు, ముక్కు మూడు కాలవలుగా పారుతున్నాయి. "అసలు... వాసనే... లేదు మామా" అన్నాను. ఆ తర్వాత పీట ఎటుపోయిందో, నేను ఎటుపడ్డానో తెలియదు. ఊపిరి లోపలికి రావట్లేదు. ఆకాశం ఎర్రగా మా కల్లం రంగులో కనిపించింది, పింజలు నెమ్మదిగా దాని మీద ఈదుతున్నాయి. ఇది కూడా ఆ పరుపు కలే అనుకున్నాను.

ఎవరో నన్ను లేపి కూర్చోబెట్టారు. నోటికి చెంబు తగిలింది. చల్లటి నీళ్ళు. కళ్ళు తెరిస్తే మామ మొహం జానెడు దూరంలో ఉంది. నా కళ్ళలోకే చూస్తున్నాడు. ఆయన కళ్ళు కొంచెం తేనెరంగువని నాకు అప్పుడే తెలిసింది.

"తాగు. మొత్తం తాగు" అన్నాడు. నేను తాగడం అయ్యేదాకా చెంబు వదల్లేదు. తర్వాత నా పక్కనే నేల మీద కూలబడ్డాడు.

"వాడు అడగలేదురా. చూశాడంతే."

"ఎవరు మామా?"

"అక్కడ. నీళ్ళ మధ్య మట్టికట్ట మీద రోడ్డేస్తున్నాం. రెండు పక్కలా రెల్లు. సైనికుల్ని వెనక్కి తీసుకుపోయే లారీ వచ్చి ఆగింది. గాల్లో వెల్లుల్లి వాసన. ఎవరో వంట చేస్తున్నారనుకున్నా. నేను చూసిన ఆఖరి వాసన అదే. లారీలో ఒక కుర్రాడు పడుకుని ఉన్నాడు, మొహమంతా బొబ్బలు. ఒక కన్ను మూసుకుపోయింది. రెండోది తెరిచుంది. నా చేతిలో నీళ్ళ గ్లాసు. వాడు గ్లాసుని చూశాడు, నన్ను చూశాడు. నేను అడుగు వేసేలోపు లారీ కదిలింది."

"తర్వాత?"

"నాకూ దాహంగా ఉంది. తాగేశాను."

"ఏ దేశం వాడు మామా?"

"ఒంటి మీద గుడ్డ కాలిపోయినవాడికి దేశం ఏం తెలుస్తుందిరా."

ఆ రెల్లు నాకు తెలుసు అనబోయి ఊరుకున్నాను. ఎంత చిన్న సంగతికైనా నాలుగు కొమ్మలు అంటుగట్టే నాకు, దీనికి ఎక్కడ ఏం తగిలించాలో తోచలేదు. దాహంతో ఉన్న చూపు. అది తగిలితే దిగదని మామ ఇన్నేళ్ళు నమ్మాడంటే, అబద్ధమని చెప్పడానికి నేనెవర్ని. కానీ ఒక్క మాట మాత్రం అన్నాను.

"మామా, ఇందాకటి నుంచీ నా మొహమే చూస్తున్నావు."

ఉలిక్కిపడి తల దించేసుకున్నాడు.

"ఇప్పుడు దించుకుని ఏం లాభం? నేను పోతే నీదే పూచీ."

వంటింట్లోంచి అత్త అంది: "వాడు పోడులే. పోయినా గోడ అవతల నుంచి మాట్లాడతాడు."

తెల్లారి మా కల్లం మీద పలచగా మంచు ఉంది. కాయలు ఆరబోసిన నేల, మంచు కింద, నిద్రలో ఊపిరి తీస్తున్నట్టు కనిపిస్తోంది. ఆ మంచులోంచి మామ వచ్చాడు. ఎప్పటిలాగే ముందు నా పాదాలు చూశాడు. తర్వాత మోకాళ్ళు. చొక్కా. చాలాసేపు పైగుండీ దగ్గర ఆగాడు. ఆపైన మొహం చూశాడు.

"బతికే ఉన్నావా?"

"చూస్తున్నావుగా."

"దగ్గు?"

"తగ్గింది."

"కళ్ళు ఎర్రగా ఉన్నాయే."

"అది నీ చూపు కాదు మామా, మా కాయలు."

ఆయన నా చుట్టూ ఒక్కసారి తిరిగి వచ్చాడు, గేదెని కొనేవాడిలా. పొడిచి చూస్తాడేమో అనుకున్నాను. అలా తిరగడంలో కల్లం ఆయన కళ్ళబడింది. నిలబడిపోయాడు. ఇన్నేళ్ళుగా గోడ పక్కనే పండుతున్న ఎరుపు.

"ఇంత ఎర్రగా ఉంటాయిరా?" అన్నాడు.

వినుకొండ ఆటో మా వీధి మలుపు తిరిగిన చప్పుడైంది. మామ వెనక్కి తిరిగి ఇంటి దారి పట్టాడు. నేనూ వెంట వెళ్ళాను. నాకేమీ కాలేదు కాబట్టి ధైర్యం వచ్చిందో, ఏమైనా కానీ చూసి తీరాలనిపించిందో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

కూతురు అరుగు మీద బిడ్డని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తండ్రి రావడం చూసి మొహం పక్కకి తిప్పుకుంది, కానీ బిడ్డ మీది గుడ్డ మాత్రం కాస్త తొలగించింది. మామ కిందకి వంగాడు. బిడ్డ కళ్ళు తెరిచే ఉంది. చూపు అటూ ఇటూ దేనికోసమో వెతికి ఆయన మొహం మీదకొచ్చి ఆగింది. బిడ్డ రెప్ప వేయలేదు. మామా వేయలేదు.

"చూస్తోందే" అన్నాడు, జీర గొంతుతో.

కూతురు బిడ్డని కొంచెం ముందుకు జరిపింది. మామ చేతులకి అంటుకున్న దూది లుంగీకి తుడుచుకుని, తుడుచుకుని, చివరికి చేతులు చాపాడు.

బయట అల్లుడు సామాను ఎక్కించడం అయిపోయింది. ఆటో హారన్ మోగింది.

"ఆగమను" అన్నాడు మామ, తల తిప్పకుండా.