ఇచ్చోడలో నిమ్మకాయ పడని కారు

కార్తీకమాసంలో వేములవాడ విడిచి వేరే ఊరు పోవడం నాకు అలవాటు లేదు. మొన్న పోవలసి వచ్చింది, అదీ ఒక కారు కోసం. ఆ కారు నాది కాదు, కొనేది నేను కాదు, నాకు తోలడం కూడా రాదు.

మా బావ మల్లేశం మస్కట్‌లో ఒక యజమాని ఇంట్లో పదకొండేళ్లు కార్లు కడిగి, పోయిన ఎండాకాలం కరీంనగర్ తిరిగి వచ్చాడు. ఇక అక్కడికి పోను, ట్రాలీ ఆటో కొని మార్కెట్‌లో కిరాయిలు తోలుకుంటాను అన్నాడు. మా అక్క లక్ష్మి ఆ సంతోషంతో మా ఊరి రాజన్న స్వామికి కోడె కడతానని మొక్కింది. అంతలో బావ ఫోన్‌లోకి ఒక ఫోటో వచ్చింది. ఎర్రటి జపాన్ స్పోర్ట్స్ కారు, పాతది, రెండే సీట్లు. ముందరి రేకు మీద ఒక కోడిపెట్ట కూర్చొని ఉంది. కింద ‘అమ్మబడును, ఇచ్చోడ’ అని ఉంది.

బావ మూడు రోజులు ఆ ఫోటోనే చూశాడట. నాలుగో రోజు అక్క నాకు ఫోన్ చేసింది.

“తమ్మీ, మీ బావ ఇచ్చోడ పోతనంటుండు. గా కారు వస్తే ట్రాలీ రాదు. ట్రాలీ రాకుంటే మళ్ల మస్కట్ పోవుడే. నువ్వు ఎంబడి పోయి, నాలుగు మంచి మాటలు చెప్పి ఉత్తచేతులతోని తోల్కరా.”

“తోల్కొస్త అక్కా. రాజన్న సాక్షి” అన్నాను.

“నువ్వొస్తవంటే వద్దనలే. పూజ సామాను సుత తెమ్మన్నడు.”

 పూజ సామాను అడిగాడంటే కొనడం ఖాయమని ఇద్దరికీ అర్థమైంది.

గుడి దగ్గరి సందులో నాకు పూజ సామాను కొట్టు ఉంది. పసుపు, కుంకుమ, విభూతి, కర్పూరం, రెండు కొబ్బరికాయలు, ఎనిమిది నిమ్మకాయలు సంచిలో వేసుకున్నాను. బండికి నాలుగు చాలు. కానీ దారిలో ఎవరికి ఏ అవసరం పడుతుందో అని రెట్టింపు తీసుకోవడం నా పద్ధతి.

ఉదయం ఐదుంపావుకు వేములవాడలో మొదటి బస్సు ఎక్కాను. ఆరుంపావుకు కరీంనగర్ బస్‌స్టాండులో దిగేసరికి బావ ఇస్త్రీ చొక్కా వేసుకొని, తల నున్నగా దువ్వుకొని నిలబడి ఉన్నాడు. అక్కను చూడడానికి పెళ్లిచూపులకు వచ్చిననాడు కూడా ఇంత నున్నగా దువ్వుకోలేదు. నా క్షేమం అడగలేదు.

“నిమ్మకాయలు తెచ్చినవా?” అన్నాడు.

ఆరూ ముప్పావుకు ఆదిలాబాద్ బస్సు. వేములవాడ నుంచి పోయేవాళ్లు కోరుట్ల మీదుగా పోతే దూరం తగ్గుతుంది, కరీంనగర్ తిరిగి రావలసిన పని లేదు. బస్సు నిండా ఆడవాళ్లే. వాళ్లకు ప్రయాణం ఉచితం, ఆధార్ కార్డు చూపిస్తే చాలు. టికెట్ కొన్నది మేమిద్దరం, జగిత్యాల దాకా నిలబడ్డదీ మేమిద్దరమే. మూట ఒడిలో పెట్టుకొని కూర్చున్న ఒక పెద్దమ్మ మమ్మల్ని కిందికీ మీదికీ చూసింది. మెట్‌పల్లిలో బిడ్డ ఇంటికి పోతోందట.

“పైసలిచ్చి నిలవడ్డరు, పాపం. జర గా కడ్డీ గట్టిగ పట్టుకోండ్రి. కడ్డీకైతే అలగ్ పైసలు లేవు” అంది.

జగిత్యాలలో ఎనిమిదిన్నరకు సీట్లు దొరికాయి, సమోసాలూ దొరికాయి. నాలుగు కొన్నాను. ఇదే సమయమని నా ఉపదేశం మొదలుపెట్టాను.

“బావా, పురాణంల ఒక రాజు ఉండె. రాజ్యం ఇడిచిపెట్టి అడవికి పోయి తపస్సు చేసుకుంట చేసుకుంట, ఒక జింకపిల్ల మీద మమకారం పెంచుకున్నడు. పానం పోయేటప్పుడు జింకనే తలుచుకున్నడు. మళ్ల జన్మల జింకై పుట్టిండు. నువ్వు గీ కారునే తలుచుకుంట ఉంటే ఏమైతవో ఎరికేనా?”

“కారై పుడత.”

“మరి?”

“పుట్టనీ. రోజు పొద్దుగాల కడిగేటోడు ఒకడు పుట్టాలె గద. గది నువ్వే.”

ముందు సీటులోని పెద్దమ్మ నవ్వి మూట జారవిడిచింది. మా భజన మండలిలో ఏకాదశి నాడు ఈ కథ చెప్తే కళ్లు తుడుచుకుంటారు.

నేను తేరుకునేలోగా బావ నా టిఫిన్ డబ్బా తీసుకొని, అందులో ఒక సమోసా పెట్టాడు.

“ఇటు సూడు. అన్ని ఇంజిన్లల్ల పిస్టన్లు కిందికి మీదికి కొట్టుకుంటయి. దీంట్ల పిస్టనే ఉండది. గీ సమోసా లెక్క మూడు మూలల బిళ్ల ఉంటది. గోడకు మూలలు తాకుకుంట గుండ్రంగ తిరుగుడే దాని పని.”

“ఆగదా?”

“ఆగది.”

“అంటే ప్రదక్షిణ” అన్నాను, నోరు జారి.

“ఇగో, గదే.”

“తింటరా, తిప్పుతరా?” అంది పెద్దమ్మ. “సల్లగైతున్నయి.”

సమోసాలు తిన్నాం కానీ ఆ మాట నన్ను వదలలేదు. లేచి వంగి దండాలు పెట్టే ఇంజిన్లు లోకం నిండా ఉన్నాయి. ప్రదక్షిణ చేసే ఇంజిన్ ఒకటుందని నాకు ఆ రోజే తెలిసింది. మాన్పించడానికి పోతున్నవాడికి ఇది మంచి జ్ఞానం కాదు.

“మస్కట్‌ల గసొంటిదే గద నువ్వు కడిగింది. ఎన్నడన్న తోలినవా?” అని అడిగాను.

“స్టార్ట్ సుత చెయ్యనియ్యకపోయేటోడు. షెడ్డుల నుంచి చెట్టు కిందికి ఇరవై అడుగులు. గంతకు సుత నెట్టుకనే పోవాలె, నెట్టుకనే తేవాలె.”

“ఎంత పిసినారోడు!”

బావ కిటికీలోంచి బయటికి చూశాడు.

మెట్‌పల్లి, ఆర్మూర్ దాటి పదీ ముప్పావుకు సోన్ దగ్గర గోదావరి వంతెన ఎక్కాం. బస్సులో అందరూ చేతులు జోడించారు. బావ జేబులోంచి రెండు రూపాయల బిళ్ల తీసి, కళ్లకద్దుకొని, నీళ్లలోకి విసిరాడు. పండగలకు కూడా బలవంతం మీద గుడికి వచ్చే మనిషి. ఏం మొక్కినవ్ అంటే, చెప్తే ఫలించదు అన్నాడు. నేను గోదావరి తల్లికి ఎదురుమొక్కు మొక్కాను.

నిర్మల్‌లో చాయ్. తర్వాత ఘాట్ రోడ్డు, రెండు పక్కలా టేకు అడవి, పిట్టగోడల మీద కోతులు. కిటికీ పక్కన అరటిపండ్లు తినకండి; నాది ఒకటి పోయింది. పన్నెండున్నరకు ఇచ్చోడలో దిగాం.

మెకానిక్ విఠల్ షెడ్డు హైవే పక్కనే, పత్తి ట్రాక్టర్ల వరుస వెనక. ముప్పై ఐదేళ్ల మనిషి, మోచేతుల దాకా గ్రీజు. కారు కథ అతనే చెప్పాడు. నాగ్‌పూర్‌లో ఒక ధనవంతుడు ఇంగ్లండు నుంచి తెప్పించుకొని, హైదరాబాద్ పోతూ ఇక్కడ ఆగిపోయాడట. రెండుసార్లు బాగుచేయించుకొని, మూడోసారి విసిగి, నువ్వే అమ్మిపెట్టు అని కాగితాలతో సహా వదిలిపోయాడట.

కారు ఆ షెడ్డు రేకుల నీడన, గోనెసంచుల మీద ముక్కు ఆనించి పడుకున్న జంతువులాగా ఉంది. పెట్ట ఇంకా దాని మీదే ఉంది. బావ దాన్ని రెండు చేతులా ఎత్తి కింద దింపాడు. జేబురుమాలు తీసి దీపాలు తుడవడం మొదలుపెట్టాడు. ఎవరూ చెప్పలేదు. పదకొండేళ్ల అలవాటు.

“తోలి సూస్త” అన్నాడు.

“అడ్వాన్స్ ఇస్తెనే రోడ్డు ఎక్కుతది, అన్నా. ఫోన్‌ల సుత చెప్పిన. కొనేది లేదు, ఉత్తగ తోలి సూసేటోళ్లు మస్తుమంది వస్తుండ్రు.”

బావ నా వైపు తిరిగాడు. “అయితే ముందుగాల పూజ కానీ.”

విఠల్ నా సంచి చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. “పంతులూ, పూజ ఒక్కటి వద్దు. గీ బండికి నిమ్మకాయ పడది.”

నేను పంతుల్ని కాను, భజన మండలిలో తాళం వేసేవాణ్ని అని చెప్పి, పడకపోవడం ఏమిటని అడిగాను. ఇంతకుముందు ఇద్దరు కొనడానికి వచ్చారట, ఒకాయన నిజామాబాద్, ఒకాయన ఆసిఫాబాద్. ఇద్దరూ నిమ్మకాయలు పెట్టారు. ఇద్దరికీ హారతి ముగిశాక బండి ఆ రోజు మళ్లీ స్టార్ట్ కాలేదు. అపశకునమని ఇద్దరూ వచ్చిన బస్సే ఎక్కిపోయారు.

“ఊళ్లె దీన్ని దయ్యం బండంటరు” అంటూ విఠల్ తల్లి రొట్టెల పెంక దగ్గరి నుంచి లేచి వచ్చింది. “బసా బాబా, బసా. కూసోండ్రి. రొట్టె తిని పోండ్రి. దాని జోలికి పోకుండ్రి.”

నాకు రోషం వచ్చింది. దేవుడు పడని వస్తువు ఈ సృష్టిలో ఉంటుందా? ఆ ఇద్దరూ విభూతి పెట్టి ఉండరు, గణపతిని తలుచుకొని ఉండరు. అక్కకు ఇచ్చిన మాట ఆ నిమిషం నా తలలో లేదు.

“నేను చేస్త. సూడు” అన్నాను.

“చెయ్యి బామ్మర్ది” అన్నాడు బావ దీపం తుడుస్తూనే. “అన్నీ తీరుగ చెయ్యి. హారతిచ్చేటప్పుడు ఇంజిన్ ఆపిపియ్యి. చప్పుడుల దేవుడు పలుకడు.”

ఆ భక్తికి నా కళ్లు చెమర్చాయి.

ముందరి రేకు మీద మూడు విభూతి రేఖలు, కుంకుమ బొట్టు పెట్టాను. నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు. విఠల్ భయం భయంగా తాళం తిప్పాడు. మగ్గాల టకటక మధ్య పుట్టిపెరిగినవాణ్ని, అలాంటి చప్పుడు ఎప్పుడూ వినలేదు. కొట్టుకోవడం లేదు, తుమ్మెదల గుంపు ఓంకారం పట్టుకున్నట్టు ఒకటే నాదం. కారు ఒక్క అడుగు కదిలింది. నిమ్మకాయలు చితికాయి. ఆపుమన్నాను. కొబ్బరికాయ ఒక్క దెబ్బకు పగిలింది. హారతి ఇచ్చాను.

“ఇగ తిప్పు.”

కుయ్, కుయ్, కుయ్. అంతే.

“నేను చెప్పలేదా పంతులూ?” అన్నాడు విఠల్. అతని తల్లి “అరే దేవా, మళ్ల ఆగిందా” అని నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. పెట్ట వచ్చి మళ్లీ రేకు మీద కూర్చుంది, విభూతి పక్కన. ఇరవై ఏళ్లుగా నా కొట్టు సామానుతో పూజ చేసిన స్కూటర్లు, ఆటోలు, వరికోత మిషన్లు అన్నీ గుర్తుకొచ్చాయి. ఎవరి నమ్మకానికైనా ఇలా బహిరంగంగా దెబ్బ తగలకూడదు. పక్కన పత్తి ట్రాక్టర్ల వాళ్లు కూడా చూస్తున్నారు.

అప్పుడు బావ ఇస్త్రీ చొక్కా విప్పి నా భుజం మీద వేశాడు.

“విఠల్, ప్లగ్గుల పాన ఇయ్యి.”

పెట్రోలు పంపు ఫ్యూజు పీకాడు. ప్లగ్గులు విప్పి తుడిచి పెంక పక్కన ఆరబెట్టాడు. అవి ఆరేలోపు మేం జొన్నరొట్టెలు, శెనగపిండితో ఉడికించిన పిట్ల కూర తిన్నాం. చాలా బాగుంది. తర్వాత అన్నీ బిగించి, పెడలు నేలకు తొక్కిపట్టి తాళం తిప్పాడు. నాలుగోసారికి ఫిరంగి పేలినట్టు పేలి తెల్లటి పొగ షెడ్డంతా కమ్మింది. కోళ్లు రోడ్డు దాటిపోయాయి. పొగలోంచి ఆ ఓంకారం మళ్లీ లేచింది.

“ఇప్పుడు ఆపితే పెట్రోలుల మళ్ల మునుగుతది!” అని బావ కేక వేశాడు. “బాగ వేడెక్కేదాక తోలాలె. విఠల్, ఎక్కు!”

విఠల్ పరుగెత్తి ఎక్కాడు. అడ్వాన్స్ సంగతి ఎవరికీ గుర్తులేదు. ఎర్రకారు ఆదిలాబాద్ వైపు హైవే ఎక్కి, చూస్తుండగానే బొట్టంత అయి, మాయమైంది.

ఐదు నిమిషాలకు అక్క ఫోన్. “మీ బావ ఏం చేస్తుండు?”

“గాలికి... తిరుగుతుండు అక్కా.”

“నువ్వు పక్కనే ఉన్నవా?”

“ఆయన చొక్కా నా దగ్గర్నే ఉంది” అన్నాను. అబద్ధం ఆడలేదు.

గుడిహత్నూర్ దాటి చాలా దూరం పోయి, గంటకు తిరిగి వచ్చారు. విఠల్ జుట్టు నిలబడి ఉంది. బావ దిగలేదు, కాసేపు స్టీరింగు మీద రెండు చేతులూ ఉంచి కూర్చున్నాడు. ఆ ముఖం నేను శివరాత్రి జాగరణ ముగిసిన తెల్లవారుజామున కొందరిలో చూశాను, ఆయనలో ఎప్పుడూ చూడలేదు.

“ఇప్పుడు సూడు విఠల్... ఆపుతున్న, మళ్ల తిప్పుతున్న.” ఆగింది. తిప్పితే పలికింది. నాలుగుసార్లు ఆపాడు, నాలుగుసార్లూ పలికింది.

“సల్లటి ఇంజిన్ల పెట్రోలు ఎక్కువ వోస్తది. ఒక్క అడుగు జరిపి ఆపితే గది లోపల్నే నిలిచి ప్లగ్గులు మునుగుతయి. నిమ్మకాయ తప్పు లేదు, దేవుని తప్పు లేదు” అన్నాడు బావ.

నా తల మీది బరువు దిగింది. నాకు అప్పుడే వెలిగింది. మా రాజన్న గుడిలో కోడెను ముందు గుడి చుట్టూ తిప్పుతాం, తర్వాత కట్టేస్తాం. కట్టేసి తిప్పం. ఈ బండికీ అదే శాస్త్రం. మిగిలిన నాలుగు నిమ్మకాయలు తీసి, వేడి ఇంజిన్‌తో రెండోసారి పూజ చేశాను. హారతి అయ్యాక బావ తాళం తిప్పితే ఒక్కసారికే పలికింది. విఠల్ తల్లి కారుకు దండం పెట్టింది. ట్రాక్టర్ల వాళ్లు కూడా పెట్టారు.

ఆ వేడిలో నేనే అన్నాను: “బావా, కొందమా?”

“మా ఇంటిదానికి మాటిచ్చినవ్ గద” అన్నాడు బావ, చొక్కా వేసుకుంటూ. తాళం చెవి విఠల్ చేతిలో పెట్టాడు. విఠల్ కూలి తీసుకోమంటే వద్దన్నాడు. అతను ఊరుకోక సీతాఫలాల సంచి ఒకటి ఎత్తించాడు. ఉత్తచేతులతో తీసుకొస్తానన్న మాట ఆ మేరకు తప్పింది.

నాలుగున్నరకు బస్సు దొరికింది. ఘాట్ దిగుతుండగా బావ నా వైపు తిరిగి, “ట్రాలీ వచ్చే వారం తెద్దాం. పూజ నువ్వే చెయ్యి” అన్నాడు. నేను అక్కకు ఫోన్ చేసి చెప్పాను. అటువైపు కాసేపు ఏడుపు, తర్వాత నవ్వు వినిపించాయి.

సోన్ వంతెన మీదికి వచ్చేసరికి పొద్దు గూకుతోంది. నీళ్లు ఎర్రగా ఉన్నాయి, ఆ కారు రంగు. ఇరవై అడుగులకు కూడా నెట్టుకుంటూ పోవాలన్న మస్కట్ మాట అప్పుడు నాకు గుర్తొచ్చింది.

“బావా, అడుగు జరిపి ఆపితే మునుగుతదని నీకు ముందుగాలనే ఎరికేనా?”

“పదకొండేండ్ల సంది ఎరిక.”

“మరి నేను హారతి ఇస్తుంటే ఎందుకు చెప్పకపోతివి?”

“అడ్వాన్స్ లేకుంట తోలనియ్యడు. అడ్వాన్స్ ఇస్తే మీ అక్క బతుకనియ్యదు. బండి మునిగితె ఎవడో ఒకడు బాగుచెయ్యాలె, బాగైనంక దూరం తోలాలె.” చేతులు వాసన చూసుకున్నాడు, పెట్రోలు ఇంకా పోలేదు. “కొననీకి పోలే బామ్మర్ది. ఒక్కసారి తోలనీకి పోయిన.”

“పొద్దున గోదారి తల్లికి ఏం మొక్కినవ్?”

“ఇచ్చోడ చేరేదాక నీ నిమ్మకాయలు కోతులు ఎత్తుకపోవద్దని.”

నేను సంచి తెరిచి చూశాను. ఒక్క నిమ్మకాయ కూడా మిగల్లేదు. జేబులోంచి రెండు రూపాయల బిళ్ల తీసి, ఆయన మొక్కు ఫలించినందుకు, నేనే నీళ్లలో వేశాను.