ఎల్సమ్మ కొన్న కొడుకు

ఎల్సమ్మ అసలు పేరు ఎలిజబెత్. మా చిట్కుల్ వాళ్లకు ఆ పేరు నోరు తిరగలేదు. వచ్చిన వారంలోనే ఎల్సమ్మను చేసి కూర్చోబెట్టారు. మెదక్ వైపు క్రైస్తవుల పిల్ల, సర్కారు నర్సు. కాన్పులు, పసిపిల్లల బాగోగులు ఆమె పని. మా ఇంటి ముందుగదిలో కిరాయికి దిగింది. నాకు కోపం జాస్తి అని ఊరందరికీ తెలుసు. ఆమెకేమో కోపమే రాదు. అది చూస్తే నాకు ఇంకా మండేది.

వచ్చింది కూడా ఎలాంటి రోజుల్లో! డెబ్బై ఆరు, ఎమర్జెన్సీ కాలం. ఏ గోడ చూసినా కుటుంబ నియంత్రణ ఎర్ర త్రికోణమే. జీపు చప్పుడైతే చాలు, ఆపరేషన్ చేస్తారని మగవాళ్లు జొన్నచేలల్లో దూరేవారు. ఆ భయమంతా పాపం ఈ పిల్ల మీదికొచ్చింది. గర్భిణులకు ధనుర్వాతం సూది వేద్దామని ఇల్లిల్లూ తిరిగితే, పిల్లలు పుట్టకుండా చేసే సూది అనుకుని తలుపులు వేసుకునేవారు.

"ఈ ఊరికి నువ్వు చేసేదేంది? పెట్టె సదురుకొని పో!" అని నేనే కసిరేదాన్ని.

"నేను పోతే పిల్లల్నెవరు చూస్తరు కౌసల్యక్కా?" అని నవ్వేది.

అలా తలుపు వేసుకున్నవాళ్లలో బక్కమ్మ ఒకతె. మొగుడు పటాన్‌చెరు దగ్గర కొత్తగా లేచిన ఫ్యాక్టరీలో కూలీ. వరసగా ఇద్దరు మగపిల్లలు పుట్టి, ఇద్దరూ వారం తిరగకుండానే పోయారు. ఇద్దరిదీ ఒకటే తీరు. చక్కగా పాలు తాగే బిడ్డకు ఉన్నట్టుండి దవడలు బిగుసుకుపోయేవి. రొమ్ము పట్టలేకపోయేవాడు. గాలి సోకిందన్నారు. ఇప్పుడు మూడో కాన్పు, నెలలు నిండాయి.

బక్కమ్మ అత్త పోశమ్మే మా ఊరి మంత్రసాని. మంచి చెయ్యి అని పేరు. నా పిల్లలకూ ఆమే పురుడు పోసింది. కొడవలితో బొడ్డు కోసి, పిడకల బూడిద అద్దేది. తన మనవళ్లకూ అలాగే చేసింది. ఈ సంగతి నా నోట విన్న ఎల్సమ్మ ముఖం మాడిపోయింది.

"గాలి గాదక్కా. కొడవలికున్న మురికి, పేడ బూడిద పచ్చి బొడ్డుల పడ్తే వచ్చే రోగం."

"మరి పోయి చెప్పరాదు!"

"చెప్పిన. 'ఊరు ఊరంతా నా చేతుల మీద పుట్టింది, నువ్వెవతివే నాకు చెప్ప' అన్నది."

ఈసారి పోశమ్మ ఇంకో పని కూడా చేయబోయింది. పిల్లలు దక్కని ఇళ్లలో చేసేదే. పుట్టగానే బిడ్డను చేటలో పెట్టి పెంటకుప్ప మీద పడుకోబెడతారు. పరాయివాళ్లెవరో తవుడు ఇచ్చి ఆ బిడ్డను కొంటారు. పెంటయ్య అనో పెంటమ్మ అనో పేరు పెడతారు. ఈ బిడ్డ ఈ ఇంటిది కాదనుకుని చావు దారి మళ్లుతుందని నమ్మకం.

"పచ్చి బొడ్డుతోని పెంట మీదనా!" ఎల్సమ్మ అరుగు మీద కూలబడింది. ఇప్పుడైనా కోపం వస్తుందని ఆశపడ్డాను. ఎక్కడిది! "అక్కా, మీ ఇంట్ల తవుడున్నదా?" అని అడిగింది.

నొప్పులు మొదలయ్యాయని తెలియగానే ఇద్దరం తవుడు మూట పట్టుకుని పోశమ్మ ఇంటికి వెళ్లాం.

"అవ్వా, బిడ్డను నేను కొంట" అంది ఎల్సమ్మ.

"నువ్వా? నీ దేవుడే వేరాయె!"

"గందుకే. సావు మీ దేవుళ్ల ఇండ్లన్ని దేవులాడుతది గని, నా ఇంట్ల ఉన్నడని దానికెట్ల తెలుస్తది?"

పోశమ్మ ఆలోచనలో పడింది. నాకు నవ్వాగలేదు.

"గని కొనుడంటే కొనుడే" అంది ఎల్సమ్మ. "పుట్టంగనే నా బిడ్డ. పెంట మీద పండనియ్య. కుప్ప పక్కన నిలబడి నా చేతులకే ఇయ్యాలె. బొడ్డు నా బ్లేడుతోనే కొయ్యాలె. ఊడేదాక దాని మీద ఏదీ పెట్టరాదు."

"అబ్బో! కొనకముందే గింత పెత్తనమా?"

లోపలినుంచి బక్కమ్మ కేక పెట్టింది. "అమ్మెయ్యత్తా! నీ కాళ్లు మొక్కుత, అమ్మెయ్యి!"

ఆ కేకకు పోశమ్మ ఒప్పుకుంది.

మధ్యాహ్నానికి మగపిల్లాడు పుట్టాడు. ఎల్సమ్మ పోశమ్మ చేతులు సబ్బుతో కడిగించి, మరిగించిన బ్లేడు ఆమెకే ఇచ్చింది. బొడ్డు ఆమే కోసింది. కుప్ప పక్కన నిలబడి పోశమ్మ చేట అందిస్తే, ఎల్సమ్మ బిడ్డను ఎత్తుకుంది. నేను పోశమ్మ కొంగులో తవుడు పోశాను. పెంటయ్య అని పేరు పెట్టి, పాల కోసం బిడ్డను మళ్లీ బక్కమ్మ పక్కలోనే పడుకోబెట్టాం.

"పాస్టరయ్య అడిగితే ఏం చెప్తవే?" అని దారిలో ఏడిపించాను.

"తవుడిచ్చి పాణం కొన్న అని చెప్త" అంది.

ఎల్సమ్మ రోజూ వెళ్లి బొడ్డు చూసి వచ్చేది. వారం దగ్గరపడేకొద్దీ ఆమెకూ అన్నం సయించలేదు. ఒక పొద్దున పోశమ్మ జుట్టు విరబోసుకుని మా వాకిట్లోకి పరుగెత్తుకొచ్చింది.

"ఎల్సమ్మా! నీ కొడుకు బొడ్డూడింది! రొమ్ము ఇడుస్తలేడు, గుంజితే ఒర్రుతుండు!"

నవ్వుతూ నవ్వుతూనే పోశమ్మ గడప మీద కూర్చుంది. తన చేతుల వంక చూసుకుంది. నవ్వు పోయింది.

"అంటే… ఆ ఇద్దర్ని… నా చెయ్యేనా బిడ్డా?"

ఎల్సమ్మ ఆమె పక్కన కూర్చుంది. "తెల్వక చేసినవ్ అవ్వా" అంది. కాదని మాత్రం అనలేదు. పోశమ్మ లేచి వెళ్లిపోయింది.

నాకు ఒళ్లు మండిపోయింది. ముసలిదానికి ఒక్క అబద్ధం చెబితే నీ సొమ్మేం పోయేదని ఎల్సమ్మను కడిగేశాను.

"అబద్ధం చెప్తే ఆ కొడవలి ఇంకో ఇంటికి పోతదక్కా" అంది. ఆమె కళ్లలో నీళ్లున్నాయి.

కొడవలి ఇంకే ఇంటికీ పోలేదు. గడ్డి కోతకు మిగిలింది. సూది వేయించుకోనిదాని కాన్పుకు రానే రానని పోశమ్మే ఇల్లిల్లూ తిరిగి బెదిరించేది. అంత మొండిది, ఆ మనవణ్ణి మాత్రం ఎత్తుకునేది కాదు. పెంటయ్య డేక్కుంటూ ఒడిలోకి వస్తే చేతులు కొంగులో దాచుకుని, "నా మనుమడు గాదు, ఎల్సమ్మ కొడుకు" అనేది.

పిల్లాడికి అడుగులు వచ్చాక ఒకరోజు పోశమ్మ చేట నిండా తవుడు పట్టుకుని మా వాకిట్లోకి వచ్చింది. ఎల్సమ్మ పెంటయ్యను ఆడిస్తోంది.

"ఎల్సమ్మా, పోరన్ని నాకు అమ్ముతవా?"

ఎల్సమ్మ కొంగు పట్టి తవుడు పోయించుకుని, పిల్లాణ్ణి ఎత్తి అందించబోయింది.

"జెర ఆగు" అంది పోశమ్మ. మా నీళ్ల గోలెం దగ్గరికి పోయి, సబ్బు అందుకుని, మోచేతుల దాకా రుద్ది రుద్ది కడుక్కుంది. అప్పుడు వచ్చి చేతులు చాపింది.