ఆమె పేరున్న తాళం

ఈ రోజు ఉదయం పదకొండు గంటలకు, ఒకామె పన్నెండు రోజులు కూర్చుని రాసిన నాలుగు పాఠాలను నేను చెరిపేశాను. చెయ్యి జారి కాదు. "సర్వర్ మీదున్న ఫైలు మారింది, అయినా దాని స్థానంలో మీది పెట్టాలా?" అని కంప్యూటర్ అడిగింది. పెట్టమన్నాను.

మాది అమీర్‌పేటలో ఒక టిఫిన్ సెంటర్ పైన రెండు గదుల ఆఫీసు. చుట్టుపక్కల కోచింగ్ సెంటర్లలో కంప్యూటర్ కోర్సులకు వచ్చే పిల్లల చేతికిచ్చే పుస్తకాలు మేం తయారుచేస్తాం. రాసేవాళ్లు ఐదుగురు. కొందరు ఆఫీసుకు వస్తారు, కొందరు ఇంటి నుంచి రాస్తారు. ఫైళ్లన్నీ ఒకే సర్వర్ మీద ఉంటాయి, ఎక్కడున్నవాళ్లు అక్కడి నుంచే తెరిచి రాయవచ్చు. ఇద్దరు ఒకేసారి ఒకే ఫైలు మీద పడకుండా తాళం పద్ధతి ఉంది. ఒకరు రాయడం మొదలుపెట్టగానే ఆ ఫైలుకు వాళ్ల పేరుతో తాళం పడుతుంది. అది ఉన్నంతసేపు మిగతావాళ్లు చదువుకోగలరు కానీ మార్చలేరు. ఈ ఏర్పాటంతా చేసింది నేను. ఎవరి తాళమైనా తీసేయగల అధికారం నా ఒక్కడికే ఉంది.

ఒకప్పుడు ఇదే వీధిలో సాయంత్రం బ్యాచ్‌లకు ఈ పాఠమే చెప్పేవాణ్ణి. బోర్డు మీద ఇద్దరు మనుషుల్ని గీసి, మధ్యలో ఒక నోటుబుక్కు గీసి, "రెండోవాడు చూసుకోకుండా తన పాత కాపీ పెట్టేస్తే మొదటివాడి కష్టం ఏమవుతుంది?" అని అడిగేవాణ్ణి. "పోతది సార్" అని అందరూ ఒక్కసారి అరిచేవారు.

ఆ నాలుగు పాఠాలు రాసినామె మా దగ్గర చేరి అయిదు నెలలయింది. ఎర్రగడ్డ రైతు బజార్ వెనక సందులో ఉంటుంది. ఏడాది నిండని పాప ఉండటంతో వారంలో నాలుగు రోజులు ఇంటి నుంచే రాస్తుంది. ఉద్యోగం ఖాయం చేసేదీ లేనిదీ సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ మీద ఆమె రాస్తున్న పుస్తకం చూసి నెలాఖరుకు చెప్తానని ఆఫీసు నడిపే మా సార్ అన్నారు. ఆ మాట అన్నప్పుడు నేను అక్కడే ఉన్నాను.

పుస్తకం అయిపోయిందని, ఇంకొకసారి చదువుకుని తాళం తీస్తానని ఆమె నిన్న సాయంత్రం చెప్పింది. ఈ ఉదయం సార్ వచ్చీ రాగానే, "ఏంటండీ, మొదటి పేజీలో ఇన్‌స్టిట్యూట్ వాళ్ల పాత ఫోన్ నంబరే ఉందంట. మార్చేసి పంజాగుట్ట పంపించేయండి. సోమవారం బ్యాచ్‌కి పుస్తకాలు చేతిలో ఉండాలి" అన్నారు. పంజాగుట్టలో మాకు ప్రింట్లు తీసే జిరాక్స్ షాపు ఉంది.

చూస్తే ఫైలుకు ఇంకా ఆమె పేరుతో తాళం ఉంది. ఒక్కసారి ఫోన్ చేశాను, ఎత్తలేదు. పాపకు టీకా వేయించడానికి వెళ్లిందని తర్వాత తెలిసింది. మరిచిపోయి ఉంటుంది, ఇంట్లో కూర్చునేవాళ్లతో ఎప్పుడూ ఇదే గోల అనుకుని తాళం తీసేశాను. సర్వర్ మీద నుంచి కొత్తగా తెచ్చుకోవడానికి రెండు నిమిషాలు పడుతుందని, పేజీలు సర్దడం కోసం నా కంప్యూటర్‌లో దాచుకున్న కాపీనే తెరిచాను. అది పన్నెండు రోజుల కిందటిదన్న ఆలోచన రాలేదు. మొదటి పేజీ తప్ప రెండోది తిప్పలేదు. నంబరు మార్చి సర్వర్ మీద పెట్టాను. కంప్యూటర్ అడిగినప్పుడు కూడా ఆగలేదు. ఎన్నో ఏళ్లుగా ఆ ప్రశ్నకు చదవకుండానే అవునని నొక్కుతున్నాను. అదే ఫైలును పంజాగుట్ట పంపాను.

పాత కాపీలను సర్వర్ తనంతట తాను దాచిపెట్టే ఏర్పాటు ఉండేది. డిస్క్ నిండిపోతోందని రెండు నెలల కింద దాన్ని ఆపేసింది నేనే. శనివారం శనివారం చేతితో తీయాల్సిన బ్యాకప్ రెండు వారాలుగా తీయలేదు. అదీ నేనే.

పన్నెండున్నరకు ఆమె సార్‌కు ఫోన్ చేసింది. సార్ స్పీకర్ పెట్టారు.

"సార్, నా పాఠాలు లేవు సార్. ఏడు నుంచి పది దాకా. పేర్లున్నయి, లోపల ఏం లేదు."

"లేకపోవడమేంటమ్మా? అయిపోయిందని నిన్ననేగా చెప్పావు?"

"అయింది సార్. సేవ్ చేసిన. తాళం సుత నా పేరు మీదనే ఉండె."

"నీ లాప్‌టాప్‌లో కాపీ ఉంటుందిగా?"

"లేదు సార్. ఎవరి దగ్గర వాళ్లు కాపీలు పెట్టుకోవద్దని అన్ననే చెప్పిండు."

ఆ నియమం పెట్టిన మాట నిజం. కాపీలు ఎక్కువైతే ఏది అసలుదో తెలియక గందరగోళం అవుతుందని అందరికీ గట్టిగా చెప్పాను. ఆమె పాటించింది. పాటించనివాణ్ణి నేనొక్కణ్ణే.

సార్ నా వైపు తిరిగారు. "సర్వర్ మీద ఏముందండీ?"

అప్పటికే నాకు అర్థమైపోయింది.

"సర్వర్ మీద ఉన్నది ఇంతే సార్" అన్నాను.

"అన్నా, జర మంచిగ చూడున్రి అన్నా" అంది ఆమె. చూస్తానన్నాను. చూడటానికేమీ లేదని నాకు తెలుసు.

"ఇంట్లో కూర్చుని పని అంటే ఇలాగే ఉంటుందమ్మా. రాయకపోతే రాయలేదని చెప్పాలి" అన్నారు సార్. అవతల పాప ఏడుపు వినిపించింది. రేపటి నుంచి అందరూ ఆఫీసుకు రావాల్సిందేనని సార్ ఆఫీసు గ్రూపులో మెసేజ్ పెట్టారు. ఎందుకో చెప్పకపోయినా అందరికీ తెలిసిపోయింది. ప్రింట్లు ఆపించమని నన్ను పంజాగుట్ట పంపారు.

షాపు ఆయన అప్పటికే ఒక ప్రతి తీసి పెట్టాడు. "ఏం భాయ్, గీ బుక్కు సగమే రాసిన్రా? ఆరు దాకా మస్తుగున్నది. ఏడు కాడికెళ్లి ఉత్త హెడ్డింగులే. పిల్లలు నోట్స్ రాసుకోనీకి ఇడిసిపెట్టిన్రా ఏంది?"

"తప్పు ఫైలు వచ్చింది భాయ్."

"ఎవరు పంపిన్రు?"

"నేనే."

ఎంత తేలిగ్గా వచ్చిందా మాట! తెలిసినా తెలియకపోయినా ఏమీ కాని మనిషి దగ్గర చెప్పగలిగాను.

మెట్రో ఎక్కకుండా నడిచే వచ్చాను. దారంతా మా నాన్న గుర్తొచ్చాడు. ఆయన సనత్‌నగర్‌లో బట్టలు కుట్టేవాడు. షాపులో ముగ్గురు దర్జీలు ఉండేవారు. ఒకరు సుద్దతో గీత గీసిన గుడ్డను ఇంకొకరు కత్తిరించకూడదన్నది అక్కడి పద్ధతి. ఒకసారి ఒక పెద్దమనిషి పెళ్లికి టైమవుతోందని గొడవ చేస్తుంటే, నాన్న ఆయన్ను బెంచీ మీద కూర్చోబెట్టి, గీత గీసిన దర్జీ ఇంటికి సైకిల్ మీద వెళ్లి అడిగి వచ్చాడు. నేను ఇంకోసారి ఫోన్ కూడా చేయలేదు.

మూడు గంటలకు ఆఫీసులో నా కుర్చీలో కూర్చుని సర్వర్ లాగ్ తెరిచాను. ఎవరు ఎప్పుడు ఏం చేశారో సర్వర్ అందులో రాసుకుంటుంది. రెండు వరుసలు కనిపించాయి. పదకొండుకు రెండు నిమిషాల ముందు ఆమె తాళాన్ని తీసేసినట్టు నా పేరు. ఆరు నిమిషాల తర్వాత ఫైలు మార్చినట్టూ నా పేరే. మా ఆఫీసులో లాగ్ చదివేది నేనొక్కణ్ణే. ఆ రెండు వరుసలు చెరిపేస్తే అడిగేవాళ్లు లేరు. చెరపాలని అనిపించలేదని రాస్తే అది ఇంకో అబద్ధం. చాలాసేపే అనిపించింది. తర్వాత ఆ పేజీని ప్రింట్ తీసి సార్ ముందు పెట్టాను.

ఆయన రెండుసార్లు చదివారు. "అంటే మధ్యాహ్నం నాతో చెప్పింది?"

"అబద్ధం సార్."

"ఆ అమ్మాయిని నేను అన్ని మాటలంటుంటే పక్కనే నిలబడి విన్నారు కదండీ." పుస్తకాలు రెండు రోజులు ఆలస్యమవుతాయని ఆయన ఇన్‌స్టిట్యూట్ వాళ్లకు ఫోన్ చేశారు. ఆమె ఉద్యోగం మాటేమిటని అడిగితే, "పుస్తకం రానీయండి, చూద్దాం" అన్నారు.

అదే గ్రూపులో, సార్ మెసేజ్ కింద, చేసిందంతా రాశాను. తాళం తీసిన సంగతి, పాత కాపీ సంగతి, ఆమె నిజం చెప్తుంటే నేను అన్న మాట. సర్వర్ పాత కాపీలు దాచే ఏర్పాటును మళ్లీ మొదలుపెట్టాను. తాళాలు తీసే అధికారాన్ని నా పేరు నుంచి తీసేసి సార్‌కు అప్పగించాను. ఆమెకు ఫోన్ చేసి, వస్తున్నానని చెప్పి ఎర్రగడ్డ మెట్రో ఎక్కాను.

పాపను చంకనేసుకుని తలుపు తీసింది. గ్రూపులో చదివినట్టు ముఖంలోనే తెలిసింది.

"ఫైలు పోయినందుకు కాదన్నా. పోతయి. ఫోన్ల గట్ల ఎందుకన్నరు?"

"భయమేసింది."

"మరి నాకు లేదా భయం?"

ఆమె జవాబు కోసం ఆగలేదు. పాపను చాప మీద కూర్చోబెట్టి ఒక లాంగ్ నోట్‌బుక్ తెచ్చింది. ఏది రాయాలన్నా ముందు పెన్నుతో రాసుకునే అలవాటట. మూడు పాఠాలకు ముక్కలు ముక్కలుగా నోట్స్ ఉన్నాయి. పదో పాఠానికి ఏమీ లేదు, అది నేరుగా లాప్‌టాప్‌లోనే కొట్టిందట. దాన్ని మళ్లీ మొదటి నుంచి ఆలోచించి రాయాల్సిందే.

ఫైలు తెరిచి తన పేరుతో తాళం వేసి, లాప్‌టాప్ నా వైపు జరిపింది. తను చదువుతుంటే నేను కొట్టాను. ఏడో పాఠంలో ఒక వాక్యం దగ్గర నాకు ఇంకా బాగుంటుందనిపించిన మాట వేశాను.

ఆమె చూసి, "గట్ల కాదన్నా. నేను చెప్పినట్టే కొట్టున్రి" అంది.

నా మాట తీసేసి ఆమె మాట కొట్టాను.