పేగు పడిందన్నారు

మా డోన్‌లో ఆడదానికి కడుపునొప్పి వచ్చిందంటే ఒకటే రోగం. పేగు పడింది. నూనె రాసి, పిసికి, జారిన పేగును ఎక్కించడానికి వీధికొక ముసలామె ఉంటుంది. నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు. మా కొట్లో శనగపప్పు తూస్తుంటే కుడివైపు పొత్తికడుపులో కొడవలి దించి తిప్పినట్టయింది. కాటా మీదే వాంతి చేసుకున్నాను. అమ్మ ఆసుపత్రి మాటే ఎత్తలేదు, పక్కవీధి అవ్వను పిలిపించింది.

అవ్వ నన్ను చాప మీద పడుకోబెట్టి, ఆముదం రాసి, సరిగ్గా నొప్పి ఉన్నచోటే రెండు బొటనవేళ్ళూ దించింది.

"గట్టిగుండాది సూడు, ఇదే పేగు. ఓర్సుకోమ్మా, ఎక్కిస్తాండా."

వద్దని అరిచాను. అమ్మ నా చేతులు అదిమి పట్టుకుంది. ఆమె మణికట్టు రక్తం వచ్చేలా కొరికాను, అయినా వదల్లేదు. అరగంట పిసికారు. ఆ అరగంటలో ఇద్దరినీ చంపేయాలనుకున్నాను, అబద్ధమెందుకు? చివరికి ఓపికంతా కూడగట్టి అవ్వ మూతి మీద తన్నాను. పెదవి చిట్లి, ముందుపన్ను ఊడి చాప మీద పడింది.

"పెద్దామెను కాలితో తంతావా! కండ్లు పోతాయే నీకు!" అమ్మ నా చెంప పగలగొట్టింది.

కళ్ళ సంగతి తర్వాత, ముందు ప్రాణం పోయేట్టుంది. నేల మీద దొర్లి దొర్లి తెలివి తప్పాక గానీ కారు పిలవలేదు.

కర్నూలు చేరేసరికి తెలివి వచ్చింది. స్కానింగ్ చూసి డాక్టరమ్మ మండిపడింది.

"అండాశయం పక్కన టెంకాయంత నీటిగడ్డ. దానంతట అది ప్రమాదకరం కాదు. కానీ ఆ బరువుకు అండాశయం మెలికపడి రక్తం ఆగిపోయింది. దక్కుతుందో లేదో కోసి చూస్తేగానీ చెప్పలేను. ఇంతసేపూ ఏం చేస్తున్నారు?"



"పేగు ఎక్కిస్తాండ్రి" అన్నాను నేను.

దక్కలేదు. నల్లగా మాడిపోయిందట, గడ్డతోపాటు తీసేశారు. రెండోది బాగానే ఉందన్నారు.

మూడోరోజు అవ్వ బస్సెక్కి వార్డుకు వచ్చింది. మూతి ఇంకా వాచే ఉంది.

"తప్పయిందని చెప్పు" అంది అమ్మ.

నేను గోడవైపు తిరిగాను. అవ్వ మంచం అంచున కూర్చుని, నా కట్టు మీద చెయ్యి వేయబోయి వెనక్కి తీసుకుంది.

"ఆ తన్నేదేదో ఇంకొంచెం ముందే తన్నింటే బాగుండు గదమ్మా" అంది.