అరికాలి చుక్క

ఈ రాత్రి సిరా గడ్డలు కడుతోంది. పాపకు కాటుక కోసం పట్టి ఉంచిన మసినంతా తుమ్మజిగురు నీళ్లలో నూరి కలిపేశాను. ఆముదపు జిడ్డు కాబోలు, కలవనంటోంది. రెండు మాటలు రాసేసరికి కలం దులపాల్సి వస్తోంది. అయినా రాయకుండా ఉండలేను. నాలుగు రోజులుగా నాకు ఉన్నట్టుండి నవ్వు వచ్చేస్తోంది. చెంగు నోట్లో కుక్కుకుంటున్నాను, చీర ఉయ్యాలలో పాప లేస్తుందని.

ఆ మసితో ఇక నాకు వేరే పని లేదు. ఎందుకు లేదో చెప్పాలంటే ముందు నా గొప్ప చెప్పుకోవాలి.

పట్నంలో దొరసానిగారి బడిలో తొమ్మిదేళ్లు చదివాను. లోకంలోని పెద్ద నదులన్నీ ఎక్కడ పుట్టి ఎక్కడ కలుస్తాయో చూడకుండా చెప్పగలను. పెళ్లయి ఈ పేటకు వచ్చేసరికి ఇక్కడ చదవగలిగిన ఆడమనిషిని నేనొక్కర్తినే. మావారు ఉపదేశి, మిషను దొరగారి తరఫున పేటలో ప్రార్థనలు నడిపిస్తారు. అత్తగారు నిన్నమొన్నటి వరకు రైతుల పొలాల్లో నాట్లు వేసిన మనిషి, అక్షరం రాదు. మంగళవారం మధ్యాహ్నాలు పేటలోని ఆడవాళ్లంతా మా అరుగు మీద కూర్చుంటే నేను వాక్యం చదివి వినిపించేదాన్ని.

నాకు దిష్టి మీద పగ. "ప్రభువుకు అప్పగించిన బిడ్డకు మసిబొట్టు కాపలా ఏమిటి?" అని అడిగేదాన్ని. అడిగి ఊరుకుంటే బాగుండేది. తడిగుడ్డ పట్టుకుని వరసన వెళ్లి పిల్లల బుగ్గల మీద, నుదుటి మీద చుక్కలు తుడిచేసేదాన్ని. నేను వస్తుంటే పిల్లలు ముందే ఏడుపు మొదలుపెట్టేవారు.

చేపలమ్మే ఆవిడను వరసకు వదినా అంటాను; ఆవిడ కొడుక్కి రేగుపండంత చుక్క ఉండేది. వాడిని ఇద్దరు పట్టుకుంటే గాని తుడవలేకపోయాను. వదిన కోప్పడలేదు. చేపల తట్ట నెత్తికెత్తుకుంటూ, "కానీండి పంతులమ్మగారూ, రేపు మీకూ పుడతారు కదండీ. అప్పుడు చూత్తాం లెండి" అంది.

నాకు పాప పుట్టింది.

అంతవరకు భయమంటే నాకు పుస్తకాల్లో మాట. పాప నిద్రపోతే ముక్కు కింద వేలు పెట్టి చూసేదాన్ని. ఊపిరి తగిలితే, ఆ తగిలింది గాలేమోనని మళ్లీ పెట్టేదాన్ని. ఎవరైనా ఎత్తుకుంటామంటే, "ఇప్పుడే నిద్రపోయిందండీ" అనేదాన్ని. పాప కళ్లు గుండ్రంగా తెరిచి వాళ్లనే చూస్తూ ఉండేది.

నాలుగో నెలలో వదిన తట్ట దించి, "అబ్బో, ఎంత బొద్దుగా ఉందండీ! గుమ్మడికాయే!" అంది. ఆ సాయంత్రమే పాప పాలు కక్కింది. ఒళ్లు కాలిపోయింది. తెల్లారేసరికి జ్వరం దిగిపోయింది గాని, నా గుండెల్లో భయం మాత్రం దిగలేదు. దీపం మీద కాటుక పట్టాను. బుగ్గ మీద పెడితే పేట చూస్తుంది. నుదుటి మీద పెడితే మావారు చూస్తారు. అరికాలు ఎవరు చూస్తారు? ఎడమ అరికాల్లో చిన్న చుక్క పెట్టాను. ఇది నమ్మకం కాదు, జాగ్రత్త మాత్రమేనని నాకు నేనే పాఠం చెప్పుకున్నాను.

ఆ రోజు నుంచి స్నానం కాగానే రోజూ అదే పని. ప్రార్థనకు కూర్చుంటే కొత్త కాలువ గురించి, వానల గురించి, దొరగారి ఆరోగ్యం గురించి గబగబా చెప్పి లేచిపోయేదాన్ని. మంగళవారం పాఠాల్లో మాత్రం నా గొంతు ఇంకా పెద్దదయింది.

మొన్న ఆదివారం పాపను దేవునికి అప్పగించే రోజు. దొరగారు కాలువలో పడవ మీద వచ్చారు. గట్టు పక్కన తాటాకుల ప్రార్థనశాల నిండిపోయింది. దొరసానిగారు పంపిన తెల్లగౌను పాప కాళ్లు దాటి మూరెడు వేలాడుతోంది. ఆ గౌను చూసి, నాకోసమే ఇంత పొడుగు కుట్టించారని మనసులోనే దొరసానిగారికి దణ్ణం పెట్టుకున్నాను.

దొరగారు ఆరడుగులకు పైన ఉంటారు. పాపను రెండు చేతులా అందుకుని, అందరికీ కనబడేలా మొహం దాకా ఎత్తారు. పాపకు ఆ ఎత్తు నచ్చింది. కేరింతలు కొట్టింది. కాళ్లు జాడించింది. గౌను మోకాళ్ల మీదికి పోయింది. ఎడమ కాలు వెళ్లి దొరగారి కుడిబుగ్గ మీద ఫట్టున తగిలింది.

కాలు తీసేసరికి, తెల్లటి బుగ్గ మీద నల్లటి చుక్క! చెమటకు ఎంత బాగా అంటుకుందో! మేము పిల్లలకు సరిగ్గా ఎక్కడ పెడతామో అక్కడే ఉంది.

ఆయనకు తెలియదు. కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టారు. ముందు వరసలో ఒకావిడ కిసుక్కుమంది. పక్కావిడ ఆమెను మోచేత్తో పొడిచి, తాను ఇంకా గట్టిగా నవ్వింది. వెనక వాళ్లు మెడలు చాచారు. నాకు చెవులు వేడెక్కాయి. భయంతో చచ్చిపోతున్నాను, అదే సమయంలో నవ్వు ఆగక చెంగు నోటికి అడ్డం పెట్టుకుంటున్నాను. అలాంటి దుస్థితి పగవాళ్లకు కూడా వద్దు.

దొరగారు కళ్లు తెరిచి, "ఎందుచేత నవ్వుచున్నారు?" అన్నారు. ఆయన తెలుగెప్పుడూ పుస్తకంలోదే.

మావారు పాప అరికాలు చూశారు, తరవాత అత్తగారి వంక చూశారు. చేతులు కట్టుకుని, "మన్నించండయ్యగారూ. మా అమ్మ పాతకాలపు మనిషండీ. ఎంత చెప్పినా ఆవిడకి అలవాటు పోలేదండీ" అన్నారు.

అందరి కళ్లూ అత్తగారి మీదికి తిరిగాయి. ఆవిడ తల వంచుకున్నారు. అవునని అనలేదు, కాదని అనలేదు. చాప అంచు సర్దుకుంటూ కూర్చున్నారు.

ఇంకో క్షణం నేను ఊరుకుంటే చాలు. ఎవరికీ ఎప్పటికీ తెలియదు. మంగళవారాలు అలాగే సాగుతాయి.

"అత్తయ్యగారు కాదండీ, నేను" అన్నాను. "రోజూ నేనే పెడుతున్నానండీ."

అప్పుడు వెనక నుంచి వదిన లేచి నిలబడింది.

"అయ్యగారూ! మీకింక దిష్టి తగలదండీ!"

దొరగారికి అర్థం కాలేదు. అందరూ బుగ్గలు చూపిస్తుంటే తన బుగ్గ తడుముకున్నారు. వేలికంటిన నలుపు చూశారు. పాప కాలు చూశారు. ఆ తరవాత ఆ పెద్దమనిషి నవ్వాడు చూడండి, కళ్లజోడు జారి పాప పొట్ట మీద పడింది. పాప దాన్ని పట్టుకుని నోట్లో పెట్టుకోబోయింది. ఇంకేముంది, తాటాకులు ఎగిరిపోతాయేమో అన్నట్టు నవ్వింది పేటంతా.

నవ్వు తగ్గాక ఆయన నన్ను మెల్లగా అడిగారు. "అమ్మా, ఈ చుక్క యందు నీకు నమ్మకమున్నదా?"

"నమ్మకం లేదండీ. భయం ఉందండీ."

ఆయన ప్రసంగం చెప్పలేదు. పాప ఎడమకాలు నా వైపు చాపి పట్టుకున్నారంతే.

తుడవడానికి గుడ్డ కోసం వెతుక్కుంటుంటే వదిన ముందుకు వచ్చింది. నెత్తి మీద తట్ట కింద పెట్టుకునే చుట్టగుడ్డను విప్పి కుండనీళ్లలో ముంచి నా చేతికిచ్చింది. "తడిగుడ్డండీ పంతులమ్మగారూ. మా వోణ్ణయితే ఇద్దరు పట్టుకున్నారండీ. మిమ్మల్నెవరైనా పట్టుకోవాలాండీ?"

"అక్కర్లేదు వదినా" అన్నాను. చేపల కంపు కొడుతున్న ఆ గుడ్డతో నా బిడ్డ అరికాలు తుడిచాను. పాపకు చక్కిలిగింతలు పుట్టి విరగబడి నవ్వింది. దొరగారు అదే గుడ్డతో బుగ్గ తుడుచుకుని, వాసనకు మొహం ముడిచి, ప్రార్థన మళ్లీ మొదటి నుంచి చేశారు. ఈసారి నేను కూడా చేశాను.

ఇంటికి వస్తుంటే కాలువగట్టు మీద అత్తగారి పక్కన నడిచాను.

"మీకు ముందే తెలుసాండీ?"

"ఆయ్. రోజూ నా కాళ్ల మీదే కదమ్మా పిల్లకి నీళ్లు పోసేది? అరికాలు నా మొహం ముందే ఉంటది."

తొమ్మిదేళ్లు చదివినదాన్ని, నాకు ఆ సంగతి తట్టలేదు.

"మరి అక్కడ ఊరుకున్నారేమండీ? అందరూ మీరే అనుకున్నారు."

"అనుకోనీ. నీ మొహం చిన్నబోతే రేపు నీ మాట ఎవరింటారు? నా మొహం పొలాల్లో ఎండకి ఎప్పుడో నల్లబడింది. ఇంకో చుక్క పడితే తెలుత్తదా?" కొంత దూరం నడిచాక మళ్లీ అన్నారు. "ముందు పుట్టినోళ్లిద్దరికీ ఒళ్లంతా చుక్కలే పెట్టేనమ్మా. పోయేరు. మూడోవాడు పుట్టినప్పుడు చేతులెత్తి, వీడు నీవోడే, నువ్వే చూసుకో అన్నాను. అప్పటికి ఏ దొరా రాలేదు. ఎవరితో అన్నానో ఆయన పేరైనా తెలీదు నాకు."

"ఆ మూడోవారు..."

"ఇంకెవరు? మీసాలు మొలిచి, ఇయ్యాల నలుగుర్లో నా మీద చాడీలు చెప్పలా?"

ముందు నడుస్తున్న మావారు వెనక్కి తిరిగి, మేమెందుకు నవ్వుతున్నామని అడిగారు. మేమిద్దరం ఇంకా ఎక్కువ నవ్వాం.

భయం పోయిందని రాస్తే అబద్ధం. సోమవారం పాప రెండుసార్లు తుమ్మితే నా వేలు కాటుక బరిణె దాకా వెళ్లింది. అందుకే మసినంతా సిరా చేసేశాను.

ఈ ఉదయం వదిన వచ్చింది. నెత్తి మీది తట్ట దించి, ఉయ్యాలలోకి తొంగిచూసి, నాలిక కరుచుకుని ఊరుకుంది. పాపం, అనాలని ఉంది, అనడానికి జంకుతోంది.

"అనండి వదినా" అన్నాను.

"బొద్దుగా ఉందండీ" అంది మెల్లగా.

"ఆయ్, బొద్దుగానే ఉంది" అని, పాపను తీసి ఆవిడ చేతుల్లో పెట్టాను. పుట్టాక మా ఇంటివాళ్లు, దొరగారు కాక ఇంకొకరు ఎత్తుకోవడం అదే మొదలు. వదిన పాపను ఎగరేసింది, పట్టుకుంది, మళ్లీ ఎగరేసింది. ప్రతిసారీ నా ప్రాణం కూడా ఎగిరి కిందికి వచ్చింది. తిరిగి ఇచ్చేటప్పుడు చూస్తే పాప బుగ్గ మీద తళతళలాడుతూ ఒక చేప పొలుసు.

"నేను పెట్టలేదండోయ్!" అని వదిన రెండు చేతులూ ఎత్తేసింది. నేను నవ్వలేక అరుగు మీద కూలబడ్డాను. చివరికి అత్తగారే వచ్చి, బొటనవేలితో ఆ పొలుసు తీసేసి, నీళ్లు పోయడానికి కాళ్లు చాపుకుని కూర్చున్నారు.